చూపించినవాడు, రాయించుకున్నవాడు

అనంతపురం మెట్టలో వేరుశనగ రైతుకు క్యాలెండరు కన్నా పదును ముఖ్యం. లోతు లేని ఎర్రనేల, ఏడాదంతా కలిపి ఐదున్నర వందల మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన. జూన్, జూలైల్లో ఒక గట్టి వాన పడితే ఆ తడి ఆరేలోపు ఊరు ఊరంతా విత్తేయాలి. అందుకే ఇక్కడ విత్తే గొర్రుకు గుట్టు ఉండదు. ఏ కమ్మరో గింజలు పోసే జడ్డిగం కింది గొట్టాల వాలు కాస్త మార్చి, విత్తనప్పప్పు సాలులో సమంగా పడేట్టు చేశాడంటే, పై ఏటికి పక్క ఊరి షెడ్డులో అదే వాలుతో ఇంకో గొర్రు తయారవుతుంది. చేసినవాణ్ణి ఎవరూ అడగరు, వాడూ ఎవరినీ ఆపడు. కాకపోతే రెండు మండలాలు దాటేసరికి ఆ కమ్మరి పేరు ఎవరికీ తెలియదు.

నా పేచీ ఆ పేరు దగ్గరే. సొంత తయారీల మీద చర్చ పెట్టినప్పుడల్లా మనవాళ్ళు రెండు జట్లు కడతారు. పంచుకుంటే పోయేదేముంది అనేది ఒక జట్టు. పేటెంటు లేకపోతే కంపెనీలు ఎత్తుకుపోతాయి అనేది రెండో జట్టు. గొర్రు చేసిన కమ్మరి ఈ రెండు జట్లలోనూ లేడు. ఆయన్ని మనసులో పెట్టుకుని, రెండు తయారీలను పక్కపక్కన నిలబెట్టి చూడాలనిపించింది. ఒకటి అమెరికాలో ఒక విద్యార్థి ఆట రిమోటుతో చేసి అందరికీ చూపించినది. రెండోది ఆలేరు దగ్గర ఒక చేనేత ఇంటి కుర్రాడు తల్లి కోసం చేసి, తర్వాత పేటెంటు చేయించుకున్నది. చేయి ఎలా కదులుతోందో యంత్రానికి తెలిసేలా చేసింది మొదటిది. కదిలి కదిలి నొప్పెట్టిన చేతికి సెలవిచ్చింది రెండోది.

2006 నవంబరులో నింటెండో కంపెనీ 'వీ' అనే ఆటపెట్టెను తెచ్చింది. దాని రిమోటును బ్యాటులా ఊపితే తెరమీద టెన్నిస్ బంతి ఎగిరేది. ఊపును కనిపెట్టేది లోపలి యాక్సిలరోమీటరు. ఎటు గురిపెట్టామో కనిపెట్టేది రిమోటు మూతి దగ్గరున్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. టీవీ పక్కన పెట్టే పట్టీలో రెండు కొసలా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు తప్ప ఏమీ లేవు. ఆ దీపాలను కెమెరా చూస్తుంది, అంతే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న జానీ చుంగ్ లీ ఈ ఏర్పాటును తిరగేశాడు. రిమోటును ఒకచోట కదలకుండా పెట్టి దీపాలను కదిలించాడు. ఆ కెమెరా ఒకేసారి నాలుగు చుక్కలను వెంబడించగలదు. వేళ్ళ కొసలకు వెలుగును తిప్పికొట్టే టేపు అంటించుకుని గాల్లో ఆడిస్తే తెరమీద బొమ్మలు ఆడాయి. పెన్ను గొట్టంలో ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, ఒక బ్యాటరీ, ఒక మీట బిగించి, ప్రొజెక్టరు వెలుగు పడిన గోడమీద రాస్తే, బడులు వేల డాలర్లు పోసి కొనే ఎలక్ట్రానిక్ బోర్డు చేసే పని చాలావరకు ఆ గోడే చేసింది. అప్పట్లో రిమోటు ఖరీదు 40 డాలర్లు. 2007 డిసెంబరులో దీపాలను తలకు తగిలించుకుని, తల జరిగిన కొద్దీ తెరలోని దృశ్యం కిటికీ అవతల ఉన్నట్టు లోతుగా మారేలా చేసి వీడియో పెట్టాడు. ప్రోగ్రామునూ ఉచితంగా ఇచ్చేశాడు.

ఆ వీడియోలను ఒక రచనగా చూడండి. ఉపోద్ఘాతం ఉండదు. ఏం చేస్తుందో ముందు చూపిస్తాడు, తర్వాత ఎలా చేశాడో చెబుతాడు, విడిభాగాల ధర చెబుతాడు. చూసినవాడు ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్ళి ఎల్ఈడీ కొనుక్కోగలడు. వీటికంటే ముందే కెమెరా వణక్కుండా పట్టుకునే సాధనాన్ని 14 డాలర్ల సామానుతో చేసి ఆ పద్ధతినీ ఇలాగే బయట పెట్టాడు. ఖరీదైన వస్తువులో ఎనభై పాళ్ళు చవకగా రాబట్టడం ఆయన అలవాటు. అనంతపురం షెడ్డులోని వెల్డరు భాష వేరు, బుద్ధి అదే.

ఇక పేటెంటు పత్రం. దాని గుండెకాయ క్లెయిముల భాగం. ఒక్కో క్లెయిమూ ఒకే వాక్యం, అర పేజీ అయినా సరే మధ్యలో ఫుల్‌స్టాపు ఉండదు. చదివినవాడు యంత్రం చేసుకోవాలని రాసినది కాదది, ఎక్కడిదాకా నా హద్దు అని గట్టు వేయడానికి రాసినది. నిపుణుడికి అర్థమయ్యేలా పని విధానమంతా వివరించాలని చట్టం అడుగుతుంది. నిజమే. ఇరవై ఏళ్ళ హక్కుకు బదులుగా గుట్టు విప్పడమే ఆ ఒప్పందం. కానీ మన దేశంలో ఆ వివరణ హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగులో రాసి పంపితే తీసుకోరు. ఉరవకొండ కమ్మరి తన గొర్రు గురించి తన భాషలో ప్రభుత్వానికి చెప్పుకునే వీలు లేదు. లీ వీడియోలో మాట తీసేసి చూసినా సగం అర్థమవుతుంది. చదువరి కోసం రాసిన రచనగా రెంటిలో ఏది గొప్పదంటే నేను మొహమాటం లేకుండా వీడియోకే ఓటేస్తాను.

ఆసు యంత్రం సంగతి వేరు. పోచంపల్లి తరహా చీరకు చిటికి కట్టి రంగు అద్దే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల వరసకూ, ఎదురుగా ఉన్న మేకుకూ మధ్య దారాన్ని ఒక్కొక్క పోగుగా అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు చేయి మీటరు మేర దాదాపు 9,000 సార్లు తిరగాలి. రోజుకు రెండు చీరలంటే 18,000. ఈ పని ఇంట్లో ఆడవాళ్ళది. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మికి ఈ పనితో భుజం పడిపోయే స్థితి వచ్చింది. బడి మధ్యలోనే మానేసిన ఆ కుర్రాడు 1992లో మొదలుపెట్టి, ఒక్కొక్క కదలికనూ విడివిడిగా యంత్రానికి నేర్పుకుంటూ పోయాడు. అప్పులయ్యాయి, ఊరు నవ్వింది. హైదరాబాదులో ఎలక్ట్రికల్ పనికి వెళ్ళి, అక్కడి ఒక కార్ఖానాలో మరేదో యంత్రం కదిలే తీరు చూసి, తనకు అందకుండా ఉన్న చివరి కిటుకు పట్టుకున్నాడు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. ఊళ్ళలోని సొంత తయారీలను వెతికిపట్టే పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వాళ్ళు ఆయన్ని వెలుగులోకి తెచ్చారు. పేటెంటు పని ఫౌండేషన్ చూసుకుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది.

ఇద్దరినీ పక్కపక్కన పెడితే మొదట కంటపడేది ఉదారత కాదు, జీతం. లీ ఉచితంగా ఇచ్చాడంటే ఇవ్వగలిగాడు గనుక ఇచ్చాడు. విశ్వవిద్యాలయం వెనకుంది, పట్టా చేతికొస్తోంది. 2008లో టెడ్ వేదిక మీద ప్రదర్శించాడు, అదే ఏడు మైక్రోసాఫ్టులో చేరి కైనెక్ట్ అనే ఆట కెమెరా మీద పనిచేశాడు, తర్వాత గూగుల్‌కు వెళ్ళాడు. ఆయన వీడియోలు ప్రపంచానికి కానుకే గాని, ఆయన మట్టుకు ఉద్యోగ దరఖాస్తు కూడా. దీన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ మల్లేశం 1999లో అలాగే చూపించి ఊరుకుని ఉంటే? చప్పట్లు పడేవి. చప్పట్లను అప్పులవాడు జమ చేసుకోడు. ఏడేళ్ళు ఇల్లు గుల్ల చేసుకున్నవాడికి 'పంచుకో' అని చెప్పడం తేలిక. ఆ ఏడేళ్ళ ఖర్చు ఎవరిస్తారో చెప్పాలి ముందు.

అలాగని పేటెంటే మల్లేశాన్ని కాపాడిందనీ అనలేను. ఆ యంత్రం కొనేవాళ్ళు కొన్ని ఊళ్ళ చేనేత కుటుంబాలు. అంత చిన్న సంతలోకి పెద్ద కంపెనీ రాదు. వచ్చినా కోర్టుకు వెళ్ళి ఏళ్ళ తరబడి పోరాడే ఓపిక ఒక చిన్న వర్క్‌షాపుకు ఉండదు. కోర్టు మెట్లెక్కితే పేటెంటు ఎంత ఊగిసలాడుతుందో ఆటల లోకమే చూపించింది. ముసలివాళ్ళు జారిపడితే కనిపెట్టే పరికరం కోసం తీసుకున్న పేటెంటును పట్టుకుని ఐలైఫ్ అనే సంస్థ నింటెండో రిమోటు మీద దావా వేసింది. 2017లో డాలస్ జ్యూరీ కోటి డాలర్ల పైచిలుకు పరిహారం ఇమ్మంది. 2020లో న్యాయమూర్తి ఆ పేటెంటు కేవలం నైరూప్య భావనేనని కొట్టేశారు, 2021లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. డబ్బూ లాయర్లూ ఉన్న రెండు సంస్థల మధ్యే ఇంత గందరగోళమైతే ఆలేరు మాటేమిటి? మల్లేశానికి పేటెంటు ఇచ్చినది గుత్తాధిపత్యం కాదని నా అంచనా. ఫలానా పని ఫలానావాడు చేశాడని, తేదీతో సహా, ఎవరూ చెరపలేని చోట రాసి పెట్టడం. మెట్ట కమ్మరికి దక్కనిది సరిగ్గా అదే.

లీ వైపు కథలో ఒక తమాషా మలుపు ఉంది. 2010 నవంబరు 4న అమెరికాలో కైనెక్ట్ విడుదలైంది. చేతిలో రిమోటే అక్కర్లేకుండా మనిషి ఒళ్ళంతా చూసే కెమెరా అది. దాన్ని కంప్యూటరుకు కలిపే ప్రోగ్రాము రాసి బహిరంగంగా పెట్టినవారికి వెయ్యి డాలర్లిస్తామని అడాఫ్రూట్ అనే చిన్న కంపెనీ అదే రోజు ప్రకటించింది. మైక్రోసాఫ్టు కన్నెర్ర చేసేసరికి బహుమానం రెండు వేలయింది, ఆపైన మూడు వేలయింది. వారం తిరక్కుండా హెక్టర్ మార్టిన్ దాన్ని సాధించి బయట పెట్టాడు. కొద్ది రోజులకు మైక్రోసాఫ్టు స్వరం మార్చి, అది కావాలనే తెరిచి ఉంచిన దారేనంది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్టు వదిలాక లీ అసలు సంగతి చెప్పాడు. ఆ పోటీ వెనక ఉన్నది, డబ్బు పెట్టింది తానేనని. కైనెక్ట్ చేసిన జట్టులోవాడే దాని తలుపు తీయించాడు. పేటెంట్ల కోట లోపలుండి బయటివాళ్ళకు తాళంచెవి విసిరిన మనిషి ఆయన. పద్ధతి మీద ఎవరికేం అభ్యంతరమున్నా, ఆ తలుపు తీశాక శస్త్రచికిత్స గదుల నుంచి రోబోల దాకా ఎందరెందరో ఆ కెమెరాను వాడుకున్నారు. దాని తయారీదారు ఊహించిన వాడకం ఒక్కటే, వినోదం.

ఇప్పుడు చట్టం. ఇక్కడ మనవాళ్ళు, ముఖ్యంగా ఇంజనీరింగు విద్యార్థులు, నిండా మునుగుతున్నారు. అమెరికాలో తన ఆవిష్కరణను తానే బయట పెట్టుకున్నవాడికి పేటెంటు దరఖాస్తుకు ఒక ఏడాది గడువుంది. లీ కావాలనుకుంటే వీడియో పెట్టిన మరుసటి నెల దరఖాస్తు చేయగలిగేవాడు. మన 1970 పేటెంటు చట్టంలో అలాంటి సాధారణ గడువు లేదు. ముందు చూపిస్తే కొత్తదనం పోయినట్టే. ఉన్న మినహాయింపులు ఇరుకైనవి. 31వ సెక్షను ప్రకారం ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో పెట్టినా, విద్వత్ సంస్థ ముందు పత్రం చదివినా పన్నెండు నెలల్లోగా దరఖాస్తు చేసుకోవచ్చు. కాలేజీ ప్రాజెక్టు ఎక్స్‌పో గెజిట్‌లో ఉండదు. చేతికి తొడుగు, తొడుగు మీద రెండొందల రూపాయల సెన్సారు, చేయి వంచితే బొమ్మకారు మలుపు తిరగడం, ఇలాంటి ప్రాజెక్టు లేని ఎక్స్‌పో ఈ రాష్ట్రంలో ఉండదేమో. వాటిలో చాలావాటికి పేటెంటు రాదు, రాకపోవడమే న్యాయం, ఎందుకంటే అవి పాతవే. కానీ నూటికి ఒకటి నిజంగా కొత్తదైతే, దాన్ని బల్లమీద పెట్టి ఫొటో తీయించుకున్న పూటే హక్కు చేజారుతుంది. ముందు రోజు తాత్కాలిక స్పెసిఫికేషను దాఖలు చేసి ఉంటే బెంగ లేదు. వ్యక్తికి ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పూర్తి వివరం ఇవ్వడానికి పన్నెండు నెలలు సమయం, దాఖలులో రాసినదాన్ని ఆ మధ్యలో ఎంత చూపించుకున్నా నష్టం లేదు. తర్వాత పరీక్ష రుసుము, ఏజెంటు ఫీజు ఉంటాయి. వాటి దగ్గర ఆగిపోయినా మునిగిందేమీ లేదు.

పక్కనే ఉన్న 32వ సెక్షను చదివితే గొర్రు చేసేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాశారా అనిపిస్తుంది. కొన్ని ఆవిష్కరణలను బహిరంగంగా తప్ప పరీక్షించలేం. అలా సహేతుకమైన పరీక్ష కోసమే నలుగురిలో వాడితే, దరఖాస్తుకు ముందు ఏడాది వరకూ దోషం కాదంటుంది చట్టం. విత్తే గొర్రును నాలుగు గోడల మధ్య పరీక్షించలేం కదా. చేలో నడిపించాలి, చేలో నడిపితే దారిన పోయేవాళ్ళందరూ చూస్తారు. ఈ సెక్షను సంగతి తెలిసిన వెల్డరు ఈ జిల్లాలో ఒక్కరైనా ఉన్నారంటే నేను నమ్మను.

విత్తనం విషయంలో మన చట్టం ఇంకా పెద్దమనసు చూపింది. వేరుశనగలో కదిరి-6 ఎంత పాకిందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షను కింద రైతు విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పక్కవాడికి మార్చుకోవచ్చు, బ్రాండు వేయకుండా అమ్ముకోవచ్చు కూడా. నమోదైన రకమైనా సరే. జడ్డిగంలో పోసే గింజకు పంచుకునే హక్కు రాసి ఇచ్చారు. ఆ జడ్డిగానికి మాత్రం అలాంటి వాక్యం ఏ చట్టంలోనూ లేదు. రేకులకుంట పరిశోధన స్థానం వాళ్ళ 'అనంత' గొర్రుకు కనీసం పేరుంది. షెడ్డుల్లో పుట్టినవాటికి అదీ లేదు. హనీబీ నెట్‌వర్కు స్థాపించిన అనిల్ గుప్తా చెప్పే సూత్రం ఈ ఖాళీని పూడ్చగలదని నాకనిపిస్తుంది. మనిషి నుంచి మనిషి కాపీ కొట్టుకోవచ్చు, కొట్టుకోవాలి కూడా. కంపెనీ కాపీ కొట్టాలంటే మాత్రం లైసెన్సు తీసుకోవాలి. లీ ఉదారతా, మల్లేశం జాగ్రత్తా ఒకే వాక్యంలో ఇముడుతాయి. వాక్యం బాగుంది, అమలుకు ఒక షరతు ఉంది. ఎవరు ముందు చేశారో రుజువుండాలి.

రుజువు ఎంత కాగితం పనో పసుపు పేటెంటు నేర్పింది. పుండ్లు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. మన అవ్వలందరికీ తెలుసు అన్న మాటతో గెలవలేదు. పాత గ్రంథాలూ, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసమూ ముందు పెడితే గెలిచారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశంలో నోటి మాటగా, వాడుకగా ఉన్న జ్ఞానం లెక్కలోకి వచ్చేది కాదు. అచ్చులో ఉంటేనే వచ్చేది. 2013 మార్చి తర్వాత వచ్చిన దరఖాస్తులకు ఆ తేడా పోయింది, చట్టం పుస్తకంలో. రుజువు అడిగే అలవాటు పోలేదు. మన చట్టం ఇంకో అడుగు ముందుకేసి, స్థానిక సమాజంలో నోటి మాటగా ఉన్న జ్ఞానాన్ని కూడా పేటెంటుకు అభ్యంతరంగా చూపవచ్చంది. అయినా చెన్నై పేటెంటు కార్యాలయంలో కూర్చున్న పరీక్షకుడు వెతికేది డేటాబేసుల్లో, అందులోనూ ఇంగ్లీషులో. ధర్మవరం రోడ్డు పక్క షెడ్డులో గొర్రు ఎప్పటి నుంచి అలా ఉందో ఆయనకు ఎవరు చెబుతారు?

లీ వీడియో ఇక్కడే పేటెంటుతో సమానంగా నిలబడుతుంది. 2007 డిసెంబరు అని తేదీ పడి, ఎలా చేయాలో వివరంగా చూపించి, ఎవరైనా తెరిచి చూడగల చోట ఉంది గనుక, ఆ తర్వాత అదే ఉపాయం తనదంటూ ఎవరు దరఖాస్తు చేసినా దాన్నే అడ్డం పెట్టవచ్చు. ఆయన తన హద్దు వేసుకోలేదు, కానీ వేరేవాడు వచ్చి గట్టు వేయకుండా చేశాడు. చూపించడానికీ రాయించుకోవడానికీ మధ్య మనం గీసిన గీత అంత గట్టిది కాదు. రెండింటికీ తేదీ ఉంది, పేరుంది, వివరం ఉంది. అసలు తేడా ఈ ఇద్దరికీ, మూడోవాడైన కమ్మరికీ మధ్యనే. ఆయన చూపించాడు, వేలమందికి చూపించాడు. ఎక్కడా రాయలేదు.

అందుకే నాకు పల్లె సృజన వాళ్ళు తెలుగులో నడిపే పత్రిక వీడియో, పేటెంటు రెంటికన్నా ఆసక్తిగా కనిపిస్తుంది. ఊరూరా నడిచి, చేసినవాడి పేరుతో, ఊరితో, ఫొటోతో, యంత్రం పనిచేసే తీరుతో అచ్చు వేస్తారు. అది క్లెయిము కాదు, గుత్త హక్కూ కాదు. చేసినవాడు పేటెంటు కావాలనుకుంటే అచ్చుకు ముందే దరఖాస్తు పడాలి, ఈ మాట వాళ్ళు గట్టిగా చెప్పాలి. వద్దనుకున్నవాడి విషయంలో మాత్రం ఆ ఒక్క పేజీ చాలు. రేపు ఏ ట్రాక్టరు కంపెనీయో అదే గొట్టాల వాలుకు పేటెంటు అడిగితే పేటెంటు చట్టం 25వ సెక్షను కింద అభ్యంతరం ఎవరైనా పెట్టవచ్చు. పేజీతో పాటు ఇంగ్లీషు అనువాదం జత చేసి, ఆ దరఖాస్తు పడిన పేటెంటు కార్యాలయానికి పంపాలి. జిల్లాలో ఇన్ని ఇంజనీరింగు కాలేజీలున్నాయి. చివరి ఏడాది ప్రాజెక్టుగా మరో తొడుగు చేయించే బదులు, ఒక్కో జట్టును ఒక్కో షెడ్డుకు పంపి, అక్కడి గొర్రు కొలతలు తీయించి, బొమ్మ గీయించి, చేసినవాడి పేరుతో తేదీ వేసి రెండు భాషల్లో అచ్చు వేయిస్తే, ఆ పేజీలు రుజువుగా నిలబడతాయి.